ఒకటో తారీఖు సరుకులు

కందిపప్పు డబ్బాలో గ్లాసు అడుగుకి తగిలి ఠంగుమందంటే ఇరవై అయిదో తారీఖు దాటిందని లెక్క. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినదాన్ని, నాకు తారీఖులు తెలిసింది ఆ చప్పుళ్ళతోనే. నెల మొదట్లో డబ్బాలకి మూతలు పట్టేవి కావు. సగం నెలకి చెయ్యి మోచేతి దాకా లోపలికి వెళ్ళేది. ఆఖరి వారంలో డబ్బాని ఓ పక్కకి ఒంచి గీకడమే. అదీ అయిపోతే అమ్మ నా చేతికి గ్లాసిచ్చి పక్క క్వార్టరుకి తోలేది. "అప్పా, గ్లాసుడు పంచదార పెట్టమంది అమ్మ, ఒకటో తారీఖున ఇచ్చేస్తాం." ఒకటో తారీఖున అదే గ్లాసుతో, అంతే నిండుగా, పంచదార తిరిగెళ్ళేది.

సరుకులు కొనే తీరు మారిపోయిందని ఈమధ్య అందరూ అంటున్న మాటే. మాల్ వచ్చింది, స్కానర్ వచ్చింది, గుమ్మం దగ్గరికి సంచీ తెచ్చే కుర్రాడొచ్చాడు. వచ్చినవాటి సంగతి సరే. పోయినదాని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. నెల పోయింది. కేలండర్లో ఉంది గానీ వంటింట్లోంచి పోయింది. తరతరాలుగా రైల్వేని నమ్ముకున్న మాలాంటి ఇళ్ళలో ఇది చిన్న సంగతి కాదు. మాకు నెల నేర్పిందే రైల్వే.

అంతకుముందు ఊళ్ళో మావాళ్ళ సంసారం ఏడాది లెక్కన నడిచేది. కోతలయ్యాక గింజలు ఇంటికొచ్చేవి; పాలేరుతనం చేసినా జీతం గింజల్లోనే. చింతపండు ఏడాదికోసారి, మిరపకాయలు ఏడాదికోసారి, ఆవకాయ ఏడాదికోసారి. మధ్యలో కావలసిన ఉప్పుకీ కిరసనాయిలుకీ సంత ఉండేది. నెల అనేది అమావాస్యలకీ పున్నాలకీ తప్ప పప్పూ ఉప్పుకి పనికొచ్చే కొలత కాదు.

బెంగాల్ నాగపూర్ రైల్వే, మా పెద్దవాళ్ళ నోట బీఎన్నార్, 1887లో పుట్టింది. 1891 నాటికి నాగపూర్ నుంచి బిలాస్‌పూర్ మీదుగా అసన్‌సోల్ దాకా పట్టాలు పడ్డాయి. ఆ కంపెనీయే తర్వాత వాల్తేరు వైపూ విస్తరించింది. 1931లో రాయ్‌పూర్ నుంచి విజయనగరానికి లైను పూర్తయ్యాక పార్వతీపురం, బొబ్బిలి చుట్టుపక్కల వాళ్ళకి ఇటు రావడం ఇంకా సుళువైపోయింది. ఖరగ్‌పూర్‌కి, చక్రధర్‌పూర్‌కి మనవాళ్ళు ఎలా వెళ్ళారో బిలాస్‌పూర్‌కీ అలాగే వచ్చారు. గ్యాంగ్‌మన్లుగా, ఖలాసీలుగా, ఫైర్‌మన్లుగా. ఒకడు కుదురుకుంటే బావమరిదిని పిలిచాడు, బావమరిది తన తమ్ముణ్ణి పిలిచాడు. చేలో పనికి గింజలు తీసుకున్న చేతులు నెలకోసారి వేలిముద్ర వేసి నోట్లు తీసుకోవడం మొదలెట్టాయి.

ఆ రోజుని బట్వాడా అనేవారు. పే క్లర్క్ డబ్బుపెట్టెతో వచ్చేవాడు, పక్కన కాపలా. పేరు పిలవడం, ముద్ర వెయ్యడం, లెక్కపెట్టుకోవడం. గేటు బయట అప్పులిచ్చే కాబూలీవాడు కర్ర పట్టుకుని నిలబడేవాడనీ, వాణ్ణి తప్పించుకోడానికి కొందరు యార్డులో బండ్ల కింద దూరి అవతలికి పోయేవారనీ మా తాత చెప్పేవాడు. తాతకి కొంచెం కోతలు కొయ్యడం అలవాటే గానీ, కాబూలీవాడి మాట మాత్రం ఆ కాలం రైల్వే ఊళ్ళ వాళ్ళందరూ చెప్పేదే.

రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో ధరలు కొండెక్కినప్పుడు రైల్వేలే దుకాణాలు పెట్టాయి. గ్రెయిన్ షాపులు. కరువుభత్యం పెంచుతూ పోయే బదులు బియ్యం, పప్పు, నూనె తక్కువ ధరకి కార్డు మీద ఇవ్వడం అన్నమాట. లైను మీద చిన్న చిన్న స్టేషన్లలో ఉన్నవాళ్ళకి బండిపెట్టెలోనే కొట్టు వచ్చేది. మామ్మ దాన్ని 'గిరేన్ సాపు' అనేది. అక్కడి బియ్యంలో రాళ్ళ గురించీ అనేది. యుద్ధమయ్యాక 1948లో ఆ షాపుల మీద ఏకంగా ఒక విచారణ సంఘమే కూర్చుంది. ఉంచాలా, తీసెయ్యాలా, బదులుగా డబ్బివ్వాలా అని. గుమ్మంలోకి సరుకు పంపే పద్ధతి నిన్నమొన్నటి యాప్‌లు కనిపెట్టిందని మా మనవడు అనుకుంటాడు. మా మామ్మకి సరుకుల కొట్టు ఏకంగా పట్టాల మీద నడిచొచ్చింది.

నాకు బాగా తెలిసిన కాలం ఆ తర్వాతది. స్టేషన్‌కి దగ్గర్లోనే బుధవారీ బజార్. అక్కడ ఒక సేఠ్‌జీ కిరాణా కొట్లో మాకు ఖాతా ఉండేది. అమ్మ చీటీ తెలుగులోనే రాసేది, కానీ మాటలు హిందీవి: అరహర్ దాల్ మూడు కేజీలు, రాయీ పావుకేజీ, హల్దీ వంద గ్రాములు. సేఠ్‌కి తెలుగు రాదు కాబట్టి చీటీ నేను చదవాలి, ఆయన వినాలి, లోపలున్న కుర్రాడు తూచాలి. ఆ కుర్రాడి చేతి పని చూడడానికే నేను వెళ్ళేదాన్ని. పాత పేపరు చింపి, బొటనవేలి చుట్టూ తిప్పి గరాటులా చేసి, అందులో ఆవాలు పోసి, పై కొస లోపలికి మడిచి, చూరు నుంచి వేలాడే పురికొస లాగి నాలుగు చుట్లు చుట్టి, వేలికి మెలేసి ఫట్‌మని తెంపేవాడు. కత్తెర లేదు, ముడి ఊడదు. ఇంటికెళ్ళాక ఆ పురికొసలన్నీ అమ్మ ఉండ చుట్టి దాచేది. పొట్లం పేపర్లో సగం సగం హిందీ వార్తలు చదివే నాకు హిందీ పట్టుబడింది; స్కూలు మాస్టారికి ఆ సంగతి తెలియదు పాపం.

ఆ ఖాతా గురించి మా తరం వాళ్ళు కళ్ళు చెమర్చుకుని రాస్తుంటారు. సేఠ్ మనిషిని నమ్మాడు, డబ్బు అడగలేదు, ఇప్పుడా నమ్మకమేది అని. నేనా మాట ఒప్పుకోను. ఆయన నమ్మింది మా నాన్నని కాదు, బీఎన్నార్ పోయి సౌత్ ఈస్టర్న్ వచ్చినా ఒకటో తారీఖు తప్పని జీతాన్ని. అదే కొట్టు ముందు రిక్షా తొక్కే ఆయన సాయంత్రం పూట వచ్చి నిలబడేవాడు. మెడకి తాడు కట్టిన చిన్న సీసా, అందులో రూపాయికో రెండు రూపాయలకో నూనె. ఓ చిన్న పొట్లం పప్పు, నాలుగు ఎండుమిరపకాయలు. ఆయన డబ్బు ముందు బల్ల మీద పెడితేనే గరిటె కదిలేది. ఆయన మా నాన్న కంటే తక్కువ నిజాయితీపరుడని కాదు. ఆయనకి ఒకటో తారీఖు లేదు, అంతే. పైగా పొట్లానికో లెక్క, కేజీకో లెక్క. కొసరి కొసరి కొనేవాడికి ఎప్పుడూ ధర ఎక్కువే పడుతుంది.

ఖాతా ఉన్న మేం మాత్రం పెద్ద లాభపడ్డామా? అదీ లేదు. ఖాతా ఇంటి ఆడవాళ్ళు ధర అడగకూడదు, అది మర్యాద కాదు. ధర సేఠ్ పుస్తకంలో తర్వాత పడేది. ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం, పొడుగ్గా మడిచింది, అందులో రాత ఆయనకి తప్ప ఎవరికీ అర్థం కాదు. పక్క కొట్లో పావలా తక్కువని తెలిసినా వెళ్ళలేం, పాత బాకీ కాళ్ళకి అడ్డం. ప్యాకెట్ మీద అన్ని పన్నులూ కలిపి గరిష్ఠ ధర అచ్చెయ్యాలన్న నిబంధన 1990లో వచ్చింది. నాకు గుర్తు, అమ్మ సబ్బు పెట్టె తిప్పి తిప్పి ఆ అంకె చూసుకుని, మొదటిసారి సేఠ్‌తో గట్టిగా మాట్లాడింది. దుకాణం పెద్దరికానికి తొలి దెబ్బ తగిలింది మాల్ వల్ల అంటారు గానీ, నన్నడిగితే ఆ చిన్న అచ్చంకె వల్లే.

ఏ పూటకాపూట కొనుక్కునేవాళ్ళంటే మా కాలనీలో చిన్నచూపు ఉండేది, దాచడమెందుకు. "ఇంట్లో రేపటికి ఉప్పుండదు" అనడం ఒక తిట్టు. సంబంధాలు చూసేటప్పుడు కూడా మా మేనత్తలు వంటింట్లోకి తొంగిచూసి డబ్బాల వరస లెక్కపెట్టొచ్చేవారు. నెల సరుకులు ఒక్కసారి తెచ్చుకోగలగడం పరువు. ఈ ఒక్క విషయం గుర్తుంచుకోండి, మళ్ళీ దీని దగ్గరికే వస్తాను.

నెలతో పాటు మాకు ఏడాది కూడా కొంచెం మిగిలే ఉండేది, పాసుల పుణ్యమా అని. రైల్వేవాళ్ళకి ఏడాదికిన్ని ఉచిత పాసులుంటాయి కదా. వేసవిలో ఊరెళ్ళి వచ్చేటప్పుడు సీటు కింద మనుషులు కాళ్ళు పెట్టే చోటుండేది కాదు. ఉప్పుడు బియ్యం, చింతపండు ముద్ద, అనకాపల్లి బెల్లం, గుడ్డ కట్టిన ఆవకాయ జాడీ, పేపర్లో చుట్టి దాని మీద గోనె చుట్టి మళ్ళీ దాని మీద దుప్పటి చుట్టినా దాగని ఎండుచేపల వాసన. పక్క బెర్తు వాళ్ళు రాయ్‌పూర్ దాకా ముక్కు మూసుకుని కూర్చునేవారు. అదంతా మేం దొరక్క మోసుకొచ్చామనుకుంటే పొరపాటు. ఉప్పుడు బియ్యం ఇక్కడా ఉంది, ఉస్నా అంటారు. మా గోంగూరే ఇక్కడి అమారీ భాజీ. బూడిద గుమ్మడికాయ వడియాలు పెట్టడంలో ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళు మాకు పాఠాలు చెప్పగలరు. వాళ్ళ రఖియా బడీ రుచి చూసిన మా అమ్మ వచ్చే ఏడాది నుంచి ఊరి వడియాలు తేవడం మానేసింది. అయినా ఆ మూటలు మొయ్యడం మానలేదు. ఊరికీ మాకూ మధ్య తెగకుండా ఉన్నది ఆ సరుకే మరి.

ఇప్పుడు ఊరి నుంచి వచ్చేది ఖాళీ చేతులతోనే. గోంగూర పచ్చడి సీసా, సాంబారు పొడి, ఇడ్లీ రవ్వ అన్నీ ఇక్కడే దొరుకుతున్నాయి, దొరక్కపోతే పార్శిల్లో వస్తున్నాయి. కోర్బా–విశాఖ బండిలో బెర్తుల కింద ఇప్పుడు చక్రాల సూట్‌కేసులు. ఏడాది అలా పోయింది. వారం అంతకంటే ముందే పోయింది. బుధవారీ బజార్ బుధవారం సంత, అర్పా నది వైపున్న శనిచరీ శనివారం సంత. ఇప్పుడు రెండూ రోజూ తెరిచే ఉంటాయి, పేర్లు మాత్రం అలాగే ఉన్నాయి.

మాల్ రోజుల గురించి ఎక్కువ చెప్పను, అది అందరికీ తెలిసిన ముచ్చటే. తోపుడుబండి లాంటి బుట్ట, చల్లగాలి, కొనబోయింది ఒకటి, కొన్నది పది. ఒక్క సంగతి మాత్రం. మాల్ నెలని చంపలేదు. నెల మొదటి వారంలో ఆఫర్లు పెట్టి నెల సరుకుల వాళ్ళనే పిలిచింది. 2001లో మొదలైన బిగ్ బజార్ దేశమంతటా బుధవారాన్ని వారంలోకల్లా చవకైన రోజుగా చాటింపు వేసింది. మా బుధవారీ బజార్‌లో కొత్తిమీర అమ్మే అవ్వ వింటే నవ్వి ఉండేది. ఆ చాటింపూ ఎంతో కాలం నిలవలేదు, 2022లో ఆ బోర్డులు దిగిపోయాయి.

ఇంకో తమాషా ఉంది. గిరాకీ తనే లోపలికెళ్ళి తనే సరుకు తీసుకునే పద్ధతి 1916లో అమెరికాలో మెంఫిస్ అనే ఊళ్ళో పుట్టింది. క్లారెన్స్ సాండర్స్ అనే ఆయన పిగ్లీ విగ్లీ అని కొట్టు పెట్టి, బల్ల అవతల ఉండే సరుకుని ఇవతలికి తెచ్చాడు. అంతదాకా అక్కడ కూడా మన సేఠ్ కొట్టు వరసే: చీటీ ఇవ్వాలి, కుర్రాడు తీసివ్వాలి. తర్వాత వందేళ్ళలో లోకం మెల్లమెల్లగా తన చేత్తో తను ఏరుకోవడం నేర్చుకుంది. ఇప్పుడు ఫోన్లో మళ్ళీ చీటీ రాస్తున్నాం, ఎక్కడో గిడ్డంగిలో మళ్ళీ ఒక కుర్రాడు తీస్తున్నాడు. వంకాయ నొక్కి చూసే వీలు మళ్ళీ పోయింది. చీటీ చదివి వినిపించాల్సిన పని లేదు, కుర్రాడి పేరు తెలియదు, పురికొస తెంపే చప్పుడు లేదు. మిగిలినదంతా పాత కథే.

మా ఊళ్ళో ఆ తిరుగుడు కరోనా నాడు మొదలైంది. 2020 మార్చిలో తలుపులు మూసుకున్నప్పుడు సేఠ్ కొడుకు వాట్సాప్ నంబరు పంచాడు. "చీటీ ఫోటో తీసి పెట్టండి ఆంటీజీ." 2021 ఏప్రిల్లో ఊరు మళ్ళీ మూతపడేసరికి అది అలవాటైపోయింది. అంతకుముందే 2016లో యూపీఐ వచ్చింది, ఆ ఏడాది నవంబరులోనే పెద్ద నోట్లు రద్దయ్యాయి. చిల్లర లేదని చేతిలో పెట్టే మిఠాయి బిళ్ళల పీడ అలా విరగడైంది. దానికి మాత్రం ఎంత మెచ్చుకున్నా తక్కువే. నా పెళ్ళయిన కొత్తల్లో సొరుగు నిండా ఆ బిళ్ళలే. వాటిని తిరిగి కొట్లో ఇస్తే తీసుకునేవాళ్ళు కారు. ఇప్పుడు అమారీ భాజీ కట్ట పది రూపాయలకి కొన్నా గంప పక్కనున్న పెట్టె పది రూపాయలు ముట్టాయని హిందీలో అరిచి చెబుతుంది. అవ్వ ఆ అరుపు విన్నాకే కట్ట చేతికిస్తుంది. ఇచ్చాక రెండు రెబ్బలు ఎక్కువ పెట్టడం మానలేదు, ఆ పెట్టె లెక్కలోకి అది రాదు.

హైదరాబాద్‌లో ఉన్న మా అమ్మాయి ఇంట్లో కొన్నాళ్ళున్నప్పుడు నాకు అసలు సంగతి కనిపించింది. పొద్దున్న కొత్తిమీర వచ్చింది. కాసేపటికి నిమ్మకాయలొచ్చాయి, రెండు. మధ్యాహ్నం పాపకి బిస్కెట్లు. సాయంత్రం పోపు వేస్తూ చూసుకుంటే ఆవాలు నిండుకున్నాయి. పొయ్యి చిన్నమంట మీద పెట్టి ఫోన్ నొక్కింది, పోపు మాడే లోపు ఆవాలొచ్చాయి. వంటింట్లో అలమారాలు చాలా అందంగా ఉన్నాయి, వాటిల్లో ఏమీ లేవు. "నెల సరుకులు ఒక్కసారి తెచ్చుకోవే" అన్నాను. "ఎక్కడ పెట్టనమ్మా? అయినా నెలకి ఎంత కావాలో నాకెలా తెలుస్తుంది?" అంది. రెండు జీతాల ఇల్లు. ఒకటో తారీఖున జీతాలు పడతాయి, అయిదో తారీఖుకి ఇంటి అప్పు కిస్తీ, కారు కిస్తీ, స్కూలు ఫీజు అన్నీ వాటంతటవే కట్ అవుతాయి. మిగిలింది రోజువారీ.

అప్పుడు నాకు ఆ రిక్షా ఆయన సీసా గుర్తొచ్చింది. పూటకింత, చేతిలో డబ్బు ముందు కట్టి, చిన్న పొట్లానికి ఎక్కువ ధర పెట్టి. మేం చిన్నచూపు చూసిన ఆ కొనుగోలే మా పిల్లల చేతుల్లో గొప్ప సౌకర్యమైంది. పల్లెటూళ్ళకీ బస్తీలకీ అందాలని 1983లో కడలూరు నుంచి చిక్ షాంపూ పొట్లాలు వచ్చాయి; డబ్బా కొనలేనివాడికి ఒక్క తలంటుకి సరిపడా. ఇప్పుడు డబ్బా కొనగలిగినవాళ్ళకి కూడా సంసారం మొత్తం పొట్లాల్లోనే నడుస్తోంది.

కంపెనీల వైపు నుంచి చూస్తే కిటుకు బోధపడుతుంది. ఒకప్పుడు సరుకు నిలవ ఉండే చోటు మా ఇల్లు. డబ్బాలు మావి, వాటి మీద పెట్టుబడి మాది, పురుగు పడితే నష్టం మాది, ఎండబెట్టే ఒళ్ళు మాది. ఆ కొట్టుగది ఇప్పుడు ఇంట్లోంచి లేచి వీధి చివర గిడ్డంగిలోకి వెళ్ళింది. వంటింట్లో చోటు మిగిలింది, ఆడదాని నడుముకి విశ్రాంతి దొరికింది, నిజమే, దాన్ని కాదనే హక్కు నాకు లేదు. మా అమ్మ ప్రతి వేసవిలో పప్పులెండబెట్టి, వేపాకు కలిపి, డబ్బాలు తోమి, వాటి చాకిరీలోనే సగం ప్రాణం పెట్టింది. కానీ ఆ గది అద్దె మనం కట్టడం లేదనుకోవద్దు. డెలివరీ ఛార్జీ అనో, హ్యాండ్లింగ్ ఛార్జీ అనో, పావుకేజీ ధరలోనో కడుతూనే ఉన్నాం.

మా బిలాస్‌పూర్‌లో పది నిమిషాల డెలివరీ అంటే ఇంకా పది నిమిషాలు కాదనుకోండి. ఇది సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే రాజధాని, బొగ్గుబండ్ల ఊరు. 2022 ఆగస్టు 15న ఇదే రైల్వే సూపర్ వాసుకి అని మూడున్నర కిలోమీటర్ల బండి నడిపింది, 295 వ్యాగన్లు, 27 వేల టన్నుల బొగ్గు. అలాంటి బండి వెళ్ళేదాకా గేటు దగ్గర నిలబడాల్సొస్తే ఏ యాప్ ఏం చేస్తుంది? రోజూ అంత పొడుగు బండ్లు రావు గానీ, డెలివరీ కుర్రాళ్ళు వీపున సంచీతో గేటు దగ్గర ఫోన్ చూసుకుంటూ నిలబడడం మాత్రం మామూలే. వాళ్ళలో మా కాలనీ పిల్లలూ ఉన్నారు. తాత డ్రైవరు, తండ్రి గార్డు, మనవడు స్కూటీ మీద మినపప్పు ప్యాకెట్. 2019లో రైల్వేలు లక్షా మూడు వేల పైచిలుకు కింది మెట్టు ఉద్యోగాలు ప్రకటిస్తే కోటి మందికి పైగా దరఖాస్తు పెట్టారు. మా ఇంటి చుట్టుపక్కల ఆ దరఖాస్తు పెట్టని కుర్రాడు లేడు. వచ్చినవాడు నెల జీతగాడయ్యాడు. రానివాడు ట్రిప్పుకింత అని తెచ్చుకుంటున్నాడు. ట్రిప్పుకింత తెచ్చుకునేవాడి ఇంట్లో సరుకులూ ట్రిప్పు లెక్కనే వస్తాయి, ఇందులో వింతేముంది?

నెల ఎక్కడికి పోయిందో వెతికితే ఒక చోట కనిపించింది. మా ఇంట్లో పనిచేసే ఆమె ఛత్తీస్‌గఢీ మనిషి, ఆమెకి రేషన్ కార్డుంది. రేషన్ విషయంలో ఈ రాష్ట్రానికి దేశంలో మంచి పేరుంది. 2004లో ప్రైవేటు డీలర్ల దగ్గర్నుంచి దుకాణాలు తీసేసి పంచాయతీలకీ, సహకార సంఘాలకీ, మహిళా సంఘాలకీ ఇచ్చారు. కేంద్రం చట్టం 2013లో వస్తే ఛత్తీస్‌గఢ్ తన ఆహార భద్రతా చట్టాన్ని 2012లోనే చేసుకుంది. నెల మొదట్లో ఆమె సైకిల్ మీద బస్తా వేసుకుని నడిపించుకుంటూ వెళ్తుంది. 2025 జూన్‌లో వానలకి ముందని మూడు నెలల బియ్యం ఒక్కసారే ఇచ్చారు. ఆ రోజు ఆమె పనికి ఆలస్యంగా వచ్చి, "దీదీ, మీ పెద్ద డబ్బాలు ఖాళీగానే ఉన్నాయి కదా" అంది. రెండు తీసుకెళ్ళింది, మా అమ్మ ఖరగ్‌పూర్‌లో కొన్నవి. మా కోడలికి అటక మీద చోటు దొరికింది.

మూడు నెలల బియ్యం ఉన్న ఇల్లు ఇప్పుడు ఆమెది. రేపటికి ఆవాలు లేని ఇల్లు మా అమ్మాయిది. మా మేనత్తలు బతికుంటే సంబంధానికి ఎటు వెళ్ళేవారో! అలాగని ఆమె పరిస్థితి బాగుందని చెప్పడం లేదు. బియ్యం ఒక్కటే నెలది, పప్పూ నూనె పూటవే. కూరకి ఆమె కూడా పది రూపాయల పెట్టె అరుపు దగ్గరికే వెళ్తుంది.

మా ఇంట్లో నేను పట్టుబట్టి ఉంచిన నెల సరుకు కూడా బియ్యం బస్తా ఒక్కటే. అదీ ఈమధ్య ఇరవై ఆరు కేజీలు. ఇరవై అయిదు ఏమైందని అడిగితే, 2022 జులైలో లేబుల్ వేసిన బస్తా ఇరవై అయిదు కేజీల దాకా అయితే అయిదు శాతం జీఎస్టీ అన్నారు, దాటితే లేదన్నారు, అందుకని మిల్లు వాళ్ళు ఒక కేజీ ఎక్కువ పోశారు. నాలుగు తరాల్లో ప్రభుత్వం మా వంటింటికి కొసరు వేసింది ఆ ఒక్కసారే, అదీ డబ్బు తీసుకునే అనుకోండి.

మొన్న బస్తా కోసమే కొట్టుకి వెళ్ళాను. సేఠ్ లేరు, మనవడు కూర్చుంటున్నాడు. ఎర్ర పుస్తకం బదులు ఫోన్లో ఖాతా యాప్. బాకీ ఉంటే తనంతట తనే మెసేజ్ పంపుతుందట, అడగడానికి మొహమాటం లేకుండా. ఖాతాలు ఇంకా ఎందరికున్నాయని అడిగాను. వేలితో తెర పైకి తోస్తూ చూపించాడు. పేర్లు చూస్తే దాదాపు అందరూ నాకు తెలిసినవాళ్ళే, నాకంటే పెద్దవాళ్ళే. రిటైరైన డ్రైవర్లు, గార్డులు, వాళ్ళ భార్యలు. కొందరివి ఫ్యామిలీ పెన్షన్లు.

"కొత్తవాళ్ళకి ఇవ్వవా బాబూ?"

"ఎలా ఇవ్వను ఆంటీజీ? ఠేకేదారు దగ్గర పనిచేసేవాడికి డబ్బు ఏ తారీఖున వస్తుందో వాడికే తెలీదు. జీతం ఉన్నవాళ్ళు కొట్టుకే రారు." తర్వాత బస్తా ఆటోలో వేయించి, నా పేరు మీద రాసుకుని, "ఇంట్లో ఫోన్ ఆర్డర్లు ఎవరు పెడతారు, భాభీజీయేనా? నంబరివ్వండి, మేం కూడా ఇంటికే పంపిస్తున్నాం, అరగంటలో" అన్నాడు.

కోడలి నంబరిచ్చాను.